నాలుగు వందల డాలర్ల మడతచాకు మీ జేబుకు తగునా?

మా కొట్లో సరుకు దిగేది మంగళవారం, శుక్రవారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో పదకొండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. పోయిన శుక్రవారం కరివేపాకు పెట్టె టేపు కోస్తుంటే, పాలు కొనడానికొచ్చిన కుర్రాడు నా చేతిలోది చూసి ఆగిపోయాడు. "అంకుల్, అది సెబెంజానా? నేనూ కొందామనుకుంటున్నా. అంత డబ్బు పెట్టొచ్చంటారా?" అన్నాడు. సెబెంజా అంటే నాలుగు వందల డాలర్ల దాకా పలికే అమెరికా మడతచాకు. కౌంటరు దగ్గర జనం ఉన్నారు. "ముందు ఒక వారం నువ్వేం కోస్తావో రాసుకుని రా బాబూ" అని పంపించేశాను. ఆ మాట ఎందుకన్నానో, ఆ తర్వాత చూసుకోవాల్సినవేమిటో ఇక్కడ రాస్తున్నాను.

జేబులో చాకు పెట్టుకు తిరగడం నాకు అమెరికా నేర్పలేదు. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారిది చిల్లర కొట్టు. బల్ల కోడుకి పురికొసతో కట్టిన చిన్న చాకు ఒకటి ఉండేది. గోనె సంచి మూతి కుట్టు విప్పడం, బెల్లం దిమ్మ మీద తాటాకు చుట్ట కోయడం, పొగాకు కాడ తుంచడం, అన్నీ దానితోనే. ఏడాదికోసారి సైకిలు చక్రంతో సాన పట్టే మనిషి వస్తే, ఇంట్లో కత్తిపీటతో పాటు దాన్నీ సాన పట్టించేవారు. పదునుపెట్టీ పదునుపెట్టీ బ్లేడు సగానికి అరిగిపోయింది. దాని ధర ఎంతో ఆయనకే గుర్తులేదు. అరిగేదాకా వాడారు, అదీ సంగతి. ఖరీదైన చాకుల గురించి ఎవరడిగినా నా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

అందుకే మొదటి పని, వారం జాబితా. ఫోనులోనే రాసుకోండి. ఏది కోశారు, ఎక్కడున్నారు, అప్పుడు చేతికి దగ్గరగా ఏం ఉంది. నేను రాసుకున్నప్పుడు పదింట తొమ్మిది అట్టపెట్టెలే తేలాయి. అట్టపెట్టెలకు ఖరీదైన చాకు అవసరమే లేదు. అట్టలో దుమ్ము, ఇసుక రేణువులు ఉంటాయి, ఎంత మంచి అంచునైనా తినేస్తాయి. దానికి బ్లేడు మార్చుకునే కట్టర్ సరైన పనిముట్టు. మొద్దుబారితే కొత్త ముక్క వేసుకోవడమే. మా వెనక గదిలో మేకుకి రెండు వేలాడుతుంటాయి, సరుకు దిగిన రోజు సగం పెట్టెలు వాటితోనే తెరుస్తాం. మీ జాబితా అంతా పార్సిల్ డబ్బాలే అయితే చదవడం ఇక్కడితో ఆపేయొచ్చు, మీకు కావలసింది కట్టర్.

నా జాబితాలో మిగిలిన ఆ ఒక్క వంతే నన్ను మడతచాకు వైపు నడిపింది. కారు డిక్కీలో బియ్యం బస్తా కుట్టు. గుడిలో అరటి గెల నుంచి అత్తం విడదీయడం. తోరణం కట్టేటప్పుడు దారం. వేసవిలో కొట్టు బయట నిలబడి బంగినపల్లి ముక్క కోసి కొన్నవాళ్లకు రుచి చూపించడం. మన దేశపు మామిడిపళ్లు రేడియేషన్ శుద్ధి చేసి పంపే పద్ధతిలో 2007 నుంచి ఈ దేశానికి వస్తున్నాయి. ఆ పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన కోసమే మే నెల్లో కొట్టుకొచ్చేవాళ్లున్నారు. ఈ పనులు కట్టర్‌తో కావు. వంటగది కత్తి జేబులో పట్టదు.

రెండోది, చవకదానితో మొదలుపెట్టి మూడు నెలలు గడపండి. ఓపినెల్ నెంబర్ 8 చూడండి. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు. చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, మెడ దగ్గర తిప్పే ఉంగరం. బ్లేడు వేళ్ల మీదికి మూసుకుపోకుండా ఆ ఉంగరాన్ని 1955లో చేర్చారు. పిడి చెక్క కాబట్టి తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, ఆరితే మళ్లీ వదులవుతుంది. లేదంటే స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చిన్న చాకు తీసుకోండి, మామూలు జీవితానికి అది చాలినంత పనిముట్టు. మూడు నెలల తర్వాత మిమ్మల్ని మీరు ఒకే ప్రశ్న అడగాలి. పొద్దున బయల్దేరేటప్పుడు చేయి దానంతటదే చాకు తీసుకుంటోందా, లేక సొరుగులో ఉండిపోతోందా? సొరుగులో ఉండిపోయే మనిషికి నాలుగు వందల డాలర్ల చాకు కూడా సొరుగులోనే ఉంటుంది.

ఒక నిజం చెప్పాలి. మామిడిపండు కోయడంలో ఆ ఓపినెలే నా సెబెంజా కంటే మేలు. దాని బ్లేడు పల్చన. సెబెంజా బ్లేడు వీపు దగ్గర మందం, గట్టి పండులోకి దిగితే కోసినట్టు కాక చీల్చినట్టుంటుంది. డబ్బు ఎక్కువ పెడితే ఎక్కువ తెగుతుందనుకుని కొనకండి.

మరి ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? చాకు మూసి తెరిచేటప్పుడు తెలుస్తుంది. సెబెంజా అంటే జూలూ భాషలో పని అని అర్థం. దాన్ని రూపొందించిన, దక్షిణాఫ్రికాలో పుట్టిన క్రిస్ రీవ్ 1989లో అమెరికాకు, ఐడహోలోని బాయిజీకి వచ్చి స్థిరపడ్డారు. పిడి టైటానియం. ఆ పిడిలో ఒక పక్క పలకనే చీల్చి లాక్ పట్టీగా మలిచారు. బ్లేడు తెరుచుకోగానే ఆ పట్టీ పక్కకు జరిగి బ్లేడు మడమకు ఆనుకుంటుంది. ఈ ఏర్పాటును ఇప్పుడు ఫ్రేమ్ లాక్ అంటున్నారు, ఎన్నో కంపెనీలు వాడుతున్నాయి. నేను 2021లో చిన్న సైజు సెబెంజా 31 కొన్నాను. బ్లేడు 3 అంగుళాలకు ఒక వెంట్రుకవాసి తక్కువ. డబ్బాలోనే మరలు తిప్పే పనిముట్లు, గ్రీజు కూడా ఇచ్చారు. విప్పుకుని, శుభ్రం చేసుకుని, మళ్లీ బిగించుకోమని వాళ్లే చెబుతారు. బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర పక్కలకు ఊగడం గానీ, కరకరమనడం గానీ ఈ రోజుకీ లేదు. రోజుకు ఇరవైసార్లు తెరిచేవాడికి ఆ మెత్తదనం విలువైనది. నెలకు రెండుసార్లు తెరిచేవాడికి అది తెలియనే తెలియదు.

ఇక చేతి సంగతి. కొనకముందు అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది ఇదే, ఫొటోల్లో కనపడదు. దుకాణానికి వెళ్లి చేతిలోకి తీసుకోండి. కుడి బొటనవేలు బ్లేడు మీదున్న బొడిపె మీద పెట్టండి. మిగతా వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఫ్రేమ్ లాక్ చాకుల్లో కొత్తవాళ్లంతా చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు లాక్ పట్టీని నొక్కేస్తాయి. పట్టీ నొక్కుకుంటే దాని లోపలి వైపున్న చిన్న గుండు బ్లేడును పట్టేస్తుంది, బొటనవేలు ఎంత తోసినా కదలదు. చాకు బిగుసుగా ఉందని వెనక్కి పంపేసినవాళ్లున్నారు. వేళ్ల కొసల్ని కొంచెం ఎత్తి, పట్టీకి అవతల అంచు మీద ఆనించండి. ఒక్క తోపుకి తెరుచుకుంటుంది. తర్వాత గట్టిగా పిడికిలి బిగించి, అట్టముక్క మీద పది గీతలు కోయండి. జేబుకి తగిలించే క్లిప్ అరచేతిలో గుచ్చుకుంటోందా? పది గీతలకే గుచ్చుకుంటే వంద గీతలకు మంట పుడుతుంది.

ఎడమచేతి వాటం వాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. మా ఆవిడది ఎడమచేతి వాటం. నా చాకు ఆవిడ చేతిలో పడితే లాక్ పట్టీ తప్పు పక్కకొస్తుంది, మూయడానికి వేళ్లు మెలితిప్పాలి. సెబెంజాలో ఎడమచేతివి వేరుగా దొరుకుతాయి. కానీ ఆవిడ బెంచ్‌మేడ్ కంపెనీ మడతచాకు బగౌట్ ఎంచుకుంది. దానిది యాక్సిస్ లాక్, అడ్డంగా ఉండే చిన్న కడ్డీ, రెండు వైపుల నుంచీ వెనక్కి లాగొచ్చు. బరువు 52 గ్రాములే, పల్చటి కుర్తా జేబులోనూ వేలాడినట్టుండదు. నాకు పిడి మరీ తేలికగా, బొమ్మలా అనిపిస్తుంది. ఆవిడకు నాది ఇనపముక్కలా అనిపిస్తుంది. ఇద్దరం నిజమే చెబుతున్నాం. సొంత ఇష్టం అనేది ఇలాంటి చోటే తేలుతుంది, ఇందులో ఇంకొకరి సలహా పనికిరాదు.

ఉక్కు గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు, నేను తొందరగా చెప్పేస్తాను. ఎస్30వీ, ఎస్45వీఎన్, 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే ఉక్కు రకాలు, ఇవన్నీ కరిగిన ఉక్కును పొడిగా చేసి మళ్లీ ముద్దగా నొక్కి చేసినవి. పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, తుప్పు సులభంగా పట్టదు. మాగ్నాకట్‌ను రూపొందించిన లారిన్ థామస్ లోహశాస్త్రం చదివినవారు. గట్టిదనం, తుప్పుకు ఓర్చుకోవడం, విరగకపోవడం ఒక్కచోట కుదర్చాలన్నది ఆయన ప్రయత్నం. నాది ఎస్45వీఎన్. నిమ్మకాయ కోసి గంటసేపు తుడవకపోయినా మచ్చ పడలేదు. ఓపినెల్ కార్బన్ ఉక్కు రకంతో అలా చేస్తే పది నిమిషాల్లో నల్లబడుతుంది. అయితే ఇలాంటి గట్టి ఉక్కు మామూలు సానరాయికి సరిగ్గా లొంగదు, వజ్రపు పొడి అద్దిన పలక కొనుక్కోవాలి. ఆ ఖర్చు కూడా చాకు ధరలోనే కలిపి చూసుకోండి.

పదును పెట్టడం నేర్చుకోకుండా ఖరీదైన చాకు కొనడం నాకు మాత్రం నచ్చదు. వారానికి ఐదు నిమిషాలు చాలు. అంచు మీద స్కెచ్ పెన్నుతో నల్లగా గీయండి. పలక మీద రెండుసార్లు నూరి చూడండి. నలుపు అంచు కొస దాకా సమంగా పోతే కోణం సరిగ్గా ఉంది. పైన వీపు వైపు పోతే చాకు మరీ పడుకుంది, కాస్త లేపాలి. అసలు అంచే నల్లగా మిగిలిపోయిందంటే మీరు ఇంకా దాన్ని తాకనే లేదు. ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఏదో ఒకటి పట్టుకుని, చివరిదాకా అదే నిలపండి. అవతలి పక్కకు సన్నని అంచు ముడత తిరిగినట్టు వేలి కొసకి తగులుతుంది, అప్పుడు పక్క మార్చాలి. ఆఖరున తోలు పట్టీ మీద వెనక్కి పదిసార్లు లాగండి. పదును చూడటానికి వార్తాపత్రిక కాగితం అంచున ఆనించి కిందికి దించితే చాలు, చప్పుడు లేకుండా దిగుతుంది. గోరు మీద, చేతి వెంట్రుకల మీద పరీక్షలు పెట్టకండి.

టేపు జిగురు బ్లేడుకి అంటుకుంటే గుడ్డతో ఎంత రుద్దినా పోదు. రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి, వీపు వైపు నుంచి అంచు వైపుకి మాత్రమే. ఇరుసులో ఒకే ఒక్క చుక్క మినరల్ ఆయిల్ వేయండి, పళ్లు కోసే చాకు కాబట్టి తినేవాటికి తగిలినా ఫర్వాలేనిది తీసుకోండి. మనకు అన్నిటికీ కొబ్బరి నూనె అలవాటు, దీనికి మాత్రం వద్దు. చలికాలంలో గడ్డకట్టి బ్లేడు కదలదు.

చట్టం సంగతి తెలియకుండా జేబులో వేసుకోకండి. టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి నియమాలు సడలించారు. బ్లేడు 5.5 అంగుళాలు దాటితే బడులు, కోర్టులు, ఆసుపత్రుల వంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. మడతచాకులు సాధారణంగా ఆ కొలత దరిదాపుల్లోకే రావు, కానీ కాలేజీ హాస్టళ్లు, ఆఫీసులు, బడులు సొంత నిబంధనలు పెట్టుకుంటాయి. ఇంగ్లండులో ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా చూసుకోవాలి. అక్కడ సరైన కారణం చూపకుండా జేబులో ఉంచుకోగలిగింది 3 అంగుళాల లోపు, లాక్ లేని మడతచాకు మాత్రమే. అంటే నా సెబెంజా, మా ఆవిడ బగౌట్ రెండూ కుదరవు, లాక్ లేని విక్టోరినాక్స్ చిన్న చాకు కుదురుతుంది. ఇండియాలో ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే హద్దులున్నాయి. అవి దాటని చాకైనా మాల్‌లోకో, మెట్రోలోకో, సభకో తీసుకెళితే సెక్యూరిటీవాళ్లు ఆపుతారు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు కత్తి జోలికి ఎక్కడా వెళ్లకండి.

విమానం మాట వేరే చెప్పాలి. 2019లో నాన్నగారికి బాగాలేదని కబురొస్తే రాత్రికి రాత్రి బయల్దేరాను. ప్యాంటు జేబులో ఓపినెల్ ఉన్న సంగతి మర్చిపోయాను. తనిఖీ దగ్గర చూపించి, అక్కడున్న డబ్బాలో పడేసి వెళ్లమన్నారు, వాళ్లు చేసింది సరైనదే. ఆరేళ్లు నా చేతిలో అరిగిన పిడి అది. ఆ రోజు నుంచీ ప్రయాణం సంచి సర్దడం మొదలుపెట్టగానే ముందు చాకు తీసి, అడుగునేసే పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టేస్తాను, లేదా ఇంట్లో వదిలేస్తాను. మీరూ అలాగే చేయండి.

నకిలీల గురించి ఒక మాట. సగం ధరకు కొత్త సెబెంజా అంటే నమ్మకండి. కంపెనీ తన డీలర్ల జాబితా చెబుతుంది, వాళ్ల దగ్గరే కొనండి. పాతది కొనేటట్టయితే తెరిచి బ్లేడు వీపుని పైకీ కిందికీ, తర్వాత పక్కలకీ కదిపి చూడండి. టక్కుమని చిన్న కదలిక తగిలినా అడగండి. మూసినప్పుడు బ్లేడు రెండు పలకల నడిమధ్యన ఉండాలి. లాక్ పరీక్ష పేరుతో చాకు వీపుని బల్లకేసి కొట్టేవాళ్లున్నారు, అలా కొట్టిన చాకు నేను కొనను.

కుర్రాడు నిన్న సాయంత్రం మళ్లీ వచ్చాడు. ఫోనులో జాబితా చూపించాడు. పదిహేడు కోతలు, అందులో పదకొండు పార్సిల్ డబ్బాలు, రెండు కొత్త చొక్కాల లేబుళ్లు, ఒక నైలాన్ తాడు, మూడుసార్లు ఆపిల్. నా చాకు మూసి అతని చేతికిచ్చాను. ఎడమచేత్తో తీసుకున్నాడు. బొటనవేలితో తోశాడు, కదల్లేదు, మళ్లీ తోశాడు. మా ఆవిడ కౌంటరు వెనక నుంచి తన బగౌట్ తీసి ముందు పెట్టింది. ఒక్క తోపుకి తెరుచుకుంది. అతను దాన్ని నాలుగుసార్లు తెరిచి మూసి, ధర అడిగి, కాసేపు ఆలోచించి, "ముందు ఓపినెల్ ఎక్కడ దొరుకుతుంది అంకుల్?" అన్నాడు.