చనుపాలు మానిన బిడ్డలా: మార్పుల కాలంలో దేవునిపై ఆనుకోవడం ఎలా

ఉద్యోగం పోయినప్పుడు, ఇల్లు మారవలసి వచ్చినప్పుడు, ఆత్మీయులు దూరమైనప్పుడు 'దేవుణ్ణి నమ్ముకోండి' అని అందరూ ధైర్యం చెబుతారు గాని, ఎలా నమ్ముకోవాలో విడమరచి చెప్పేవారు అరుదు. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ పాఠం రోజూ మన కళ్లెదుటే నడుస్తూ ఉంటుంది.

ముందుగా బైబిల్లోని 131వ కీర్తన చదవండి. ఉన్నవి మూడే వచనాలు. అందులో దావీదు తన ప్రాణాన్ని పోల్చింది చనుపాలు విడిచిన బిడ్డతో. పాలు మాన్పించిన తల్లులకు ఆ పోలిక లోతు తెలుసు. కొన్నాళ్లపాటు బిడ్డ రాత్రుళ్లు గుక్కపట్టి ఏడుస్తుంది, అలుగుతుంది, ఎత్తుకుంటే రొమ్ము వెతుక్కుంటుంది. ఆ తరువాత ఒక రోజు అదే ఒడిలో ఏమీ అడగకుండా తల వాల్చి పడుకుంటుంది. అడిగినది దొరకకపోయినా అమ్మ ఎక్కడికీ పోలేదని దానికి అర్థమైపోతుంది. అయితే ఆ నిమ్మళం ఏడుపు దాటాక వచ్చినదేనని మరచిపోకూడదు. కాబట్టి మీ ఏడుపును తొందరపడి అణచుకోకండి. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే 'ఎంతకాలం' అన్న ప్రశ్న నాలుగుసార్లు వినిపిస్తుంది. మీ భయాన్ని, కోపాన్ని కూడా అంత సూటిగానే ప్రార్థనలో చెప్పండి, లేదా ఒక పుస్తకంలో రాసుకోండి. భాష చక్కగా ఉండనక్కరలేదు.

రెండవది, అడిగే కాలాన్ని కుదించుకోండి. మూడేళ్ల బిడ్డకు 'వచ్చే నెల' అంటే ఏమీ తెలియదు, 'నువ్వు నిద్ర లేచేసరికి వస్తాను' అంటే తెలుస్తుంది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారమైన మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే. మరునాటికి దాచుకున్నది పురుగు పట్టింది. విశ్రాంతిదినం కోసం ఆరవ రోజున కూర్చుకున్న రెండింతలు మాత్రమే చెడలేదు. ప్రతి ఉదయం 'ఈ రాత్రిలోగా నాకు కావలసినది ఏమిటి' అని ఒక్క వాక్యం రాసి, అంతవరకే అడగండి. రాత్రి పడుకునే ముందు అందినదాని పక్కన ఒక గుర్తు పెట్టండి. దీని అర్థం ఖర్చుల లెక్క వేసుకోవద్దని, దరఖాస్తులు పెట్టవద్దని కాదు. అవి చేయవలసిన పనులే, చేయండి.

పిల్లలతో మాట్లాడే తీరు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. వారి కళ్లుగప్పి బయటికి జారుకుంటే ఆ పూటకు ఏడుపు తప్పుతుంది, మరుసటి రోజు నుంచి బిడ్డ మన కాళ్లను చుట్టేసుకుని వదలదు. ఎప్పుడు తిరిగి వస్తారో క్లుప్తంగా చెప్పి, చెప్పిన వేళకు రండి. దేవుని గురించి చెప్పేటప్పుడూ ఇదే నియమం. 'దేవుడు నాన్నకు వచ్చే వారమే ఉద్యోగం ఇస్తాడు' అని ఆయన తరఫున మనం మాట ఇవ్వకూడదు. 'నాన్నకు ఇంకా పని దొరకలేదు, మనం అడుగుతూనే ఉందాం, దేవుడు మనతోనే ఉన్నాడు' అనడం నిజం. మరణం విషయంలో 'నిద్రపోయింది' అంటే బిడ్డ పడుకోవడానికే జంకవచ్చు, 'దేవుడు తీసుకుపోయాడు' అంటే దేవుణ్ణి చూసే భయపడవచ్చు. 'అమ్మమ్మ చనిపోయింది, ఇక తిరిగి రాదు, మనకందరికీ బాధగా ఉంది' అని చెప్పి దగ్గరికి తీసుకోండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూసుకునే ఓపిక లేకపోయినా వైద్యుణ్ణి కలవండి; అది అవిశ్వాసమని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇక, ఎన్ని మారినా రోజులో ఒక్క అలవాటును మారనివ్వకండి. మేము ఇల్లు మారిన ఏడాది మాకు మిగిలినది పడుకునే ముందు చేసే కుటుంబ ప్రార్థన ఒక్కటే. కొత్త ఇంట్లో మొదటి రాత్రి, ఇంకా విప్పని పెట్టెల మధ్య పరచిన పరుపు మీద మా మూడేళ్ల పాప చీకట్లో 'ఉన్నావా?' అని అడిగింది. 'ఉన్నాను' అన్నాను. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. ఈ ఇంటికి ఎందుకు వచ్చామని గాని, పాత ఇంటికి ఎప్పుడు వెళతామని గాని అది ఒక్కసారీ అడగలేదు. నెల తిరిగేసరికి ఆ ప్రశ్న రాత్రికి ఒక్కసారికి వచ్చింది. ఆ నెలంతా నా ప్రార్థన కూడా ఆ ఒక్క మాటే. వేరే మాటలు రాని రాత్రి మీరూ దానితో మొదలుపెట్టవచ్చు.