కార్బనేట్లు, పీడనం – 3వ పాఠం: కెంపుతో కొలవడం, కాల్సైట్‌ను గుర్తుపట్టడం

రెండు వజ్రాల మొనల మధ్య కాల్సైట్ (కాల్షియం కార్బనేట్ స్ఫటికం) పలుకునీ, పక్కనే ఒక కెంపు రవ్వనీ పెట్టి బిగించడం పోయిన పాఠంలో అయింది. లోపల పీడనం ఎంతుందో, కాల్సైట్ ఏమైందో ఇప్పుడు చూద్దాం.

లేజర్ పడగానే కెంపు ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగులోని ఆర్1 గీత మామూలు పీడనంలో 694.24 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక్కో గిగాపాస్కల్‌కి (సుమారు పదివేల వాతావరణ పీడనాలు) సుమారు 0.365 నానోమీటర్ల చొప్పున పైకి జరుగుతుంది. మీకు 694.86 కనిపించిందనుకోండి. జరిగింది 0.62, దాన్ని 0.365తో భాగిస్తే 1.7 గిగాపాస్కల్. గది వేడెక్కినా ఈ గీత జరుగుతుంది. పది డిగ్రీల తేడా వస్తే లెక్క దాదాపు 0.2 గిగాపాస్కల్ తప్పుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత రాసిపెట్టుకోకుండా కొలవకండి.

సుమారు 1.5 గిగాపాస్కల్ దాటగానే కాల్సైట్, కాల్సైట్-2 అనే మరో రూపం అవుతుంది. ఈ మార్పును 1939లో అమెరికా భౌతికశాస్త్రవేత్త బ్రిడ్జ్‌మన్ గమనించాడు. కార్బనేట్ త్రికోణాలు కాస్త తిరుగుతాయి, కాల్షియం కొద్దిగా పక్కకు జరుగుతుంది. కార్బన్-ఆక్సిజన్ బంధం ఒక్కటీ తెగదు. అందుకే మార్పు చటుక్కున వస్తుంది, పీడనం తగ్గిస్తే అంతే త్వరగా వెనక్కి పోతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. దశాపటం (ఏ పీడనం, ఏ వేడి దగ్గర ఏ రూపం నిలకడగా ఉంటుందో చూపే పటం) తెరిస్తే ఆ పీడనంలో ఉండాల్సింది అరగొనైట్, అంటే అదే కాల్షియం కార్బనేట్ మరో అమరికలో, అని కనిపిస్తుంది. పటం తప్పేమీ కాదు. సాంద్రతలు (ఘన సెంటీమీటర్‌కి గ్రాముల్లో) చూడండి: కాల్సైట్ 2.71, అరగొనైట్ 2.93. అంటే ఘనపరిమాణం 7.5 శాతం తగ్గుతుంది, పీడనానికి కావలసింది అదే. కానీ కాల్సైట్‌లో కాల్షియం చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటే అరగొనైట్‌లో తొమ్మిది. అమరికంతా విప్పి మళ్లీ కట్టాలి, గది వేడికి అది సాగదు. వేడి, వ్యవధి రెండూ దొరికిన చోట మాత్రం సాగింది: కాలిఫోర్నియాలోని ఫ్రాన్సిస్కన్ శిలల్లో అలా లోతున పుట్టిన అరగొనైట్ ఇప్పటికీ దొరుకుతుంది.

పీడనం పూర్తిగా వదిలాక రామన్ వర్ణపటం (లేజర్ వేస్తే పలుకు నుంచి చెదిరిన వెలుగులోని గీతలు) తీయండి. 1086 సెం.మీ⁻¹ దగ్గరి పెద్ద గీతతో తీర్పు చెప్పొద్దు, అది రెంటిలోనూ దాదాపు అక్కడే ఉంటుంది. 281 కనిపిస్తే కాల్సైట్, 206 కనిపిస్తే అరగొనైట్.

అభ్యాసం: గది ఉష్ణోగ్రతలో కెంపు గీత 695.15 దగ్గర ఉంది. పీడనం ఎంత? కాల్సైట్-3 అనే ఇంకో రూపం సుమారు 2.2 గిగాపాస్కల్ దాటాక వస్తుందని గుర్తుంచుకుని, పలుకు ఏ రూపంలో ఉందో రాయండి. వచ్చే పాఠం మాగ్నసైట్ (మెగ్నీషియం కార్బనేట్) మీద. అది 80 గిగాపాస్కల్ దాకా రూపం మార్చదు.