"ఒక్క నిమిషమే కదా" అని గ్లౌజు తీయకండి

కిందటి శీతాకాలం మాతో ఉన్న ఒక కుర్రాడు, టెలిస్కోప్ కెమెరా వెనక ఊడిన కేబుల్ బిగించడానికి కుడిచేతి గ్లౌజు తీశాడు. వేళ్లు మొద్దుగా ఉన్నాయని లోపలి పల్చటి తొడుగు కూడా లాగేశాడు. బయట మైనస్ 68 డిగ్రీలు. లోపలికి వచ్చేసరికి రెండు వేళ్ల చివర్లు మైనం ముద్దల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. తర్వాత బొబ్బలెక్కి, నల్లబడి, చర్మం గోళ్లతో సహా ఊడింది. ఇప్పటికీ ఆ వేళ్లకి స్పర్శ సరిగా తెలియదు.

ఈసారి అంటార్కిటికా చలిరాత్రికి వెళ్తున్నవాళ్లకు ఇది రాస్తున్నాను. దళసరి బట్టలు, ఒంటరిగా తిరగకపోవడం లాంటివి శిక్షణలోనే చెప్పి ఉంటారు. నేను చెప్పేది గ్లౌజు గురించి.

తెలివైనవాళ్లు కూడా ఎందుకు తీస్తారు? అంటార్కిటికా లోపలి మంచు పీఠభూమి మీదున్న డోమ్ సి లాంటి చోట మే మొదట్లో అస్తమించిన సూర్యుడు ఆగస్టు రెండో వారం దాకా కనిపించడు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటడాన్ని మధ్యలో పగలు అడ్డం రాకుండా చూడొచ్చు. అక్కడి 40 సెంటీమీటర్ల ఆస్టెప్ టెలిస్కోప్ చేసేది ఆ పనే. గ్రహం సరిగ్గా దాటుతున్నప్పుడు కేబుల్ ఊడితే మనసు ఆగదు. పైగా మీరున్నది 3233 మీటర్ల ఎత్తులో. ధ్రువాల దగ్గర గాలిపొర మరింత పల్చన కాబట్టి, ఒంటికి అది దాదాపు 3800 మీటర్ల లెక్క. ఆక్సిజన్ తక్కువైన బుర్ర తొందరపడుతుంది, తప్పు చేశానని దానికి తెలియదు కూడా.

అసలు మోసం నొప్పిలో ఉంది. మొదట వేళ్లు సూదులు గుచ్చినట్టు సలుపుతాయి. కాసేపటికి సలుపు తగ్గుతుంది. "హమ్మయ్య, అలవాటైంది" అనుకుంటాం. అలవాటు కాలేదు! రక్తనాళాలు ముడుచుకుపోయాయి, నరాలు కబురు పంపడం మానేశాయి. నొప్పి ఆగిందంటే వేలు గడ్డకడుతోందని అర్థం. అందుకే మళ్లీ చెబుతున్నాను, గ్లౌజు తీయకండి.

పరికరాల సంగతి క్లుప్తంగా. మైనస్ 60లో మామూలు వైరు తొడుగు ఎండుపుల్లలా విరుగుతుంది, చలికి తగిన కేబుళ్లే వాడండి. లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో చార్జ్ చేయకండి, లోపల లోహం పేరుకుని పాడవుతుంది. బయటి నుంచి తెచ్చిన కెమెరాని గాలి చొరబడని సంచిలో మూసి, గది వేడికి వచ్చాకే విప్పండి. లేకపోతే లోపలంతా చెమ్మ పడుతుంది. అద్దం మీద మంచు పేరుకుంటే నోటితో ఊదకండి. మీ ఊపిరే అక్కడ ఇంకో పొర మంచవుతుంది.

బయల్దేరే ముందు ప్రతి కనెక్టర్‌నీ గదిలోనే, మందం గ్లౌజులతో, కళ్లు మూసుకుని పెట్టి తీసి చూడండి. కుదరనిదాన్ని మార్చండి, బయట కుదురుతుందని ఆశపడకండి. గ్లౌజుల్ని తాడుతో మణికట్టుకి కట్టుకోండి. అదనపు జత కోటు లోపల ఒంటికి ఆనేలా ఉంచండి. స్క్రూలు నోట్లో పెట్టుకోవద్దు. లోహాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. టైమర్ మోగితే పని సగంలో ఉన్నా లోపలికి రండి. తోడున్నవాళ్లు "రా" అంటే వాదించకండి. ఒకరి ముక్కు, చెంపలు ఒకరు చూసుకోండి, తెల్లమచ్చ కనిపిస్తే వెంటనే లోపలికి. ఆ రాత్రి డేటా పోతే పోనివ్వండి. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా విమానం రాదని గుర్తుంచుకోండి. గ్లౌజు తీయకండి. ఒక్క వేలి కోసం కూడా తీయకండి.

వేలు తెల్లబడితే రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి, హీటర్ దగ్గర పెట్టకండి. డాక్టర్‌ని లేపండి. మళ్లీ చలి తగలదని ఖాయమయ్యాకే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచండి. కరిగిన వేలు ఇంకోసారి గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ రాత్రి షిఫ్టు వేరేవాళ్లకి అప్పజెప్పండి.