పాత షెవర్లే పికప్పులో హీటరు: ముందు రెండు పైపులు పట్టుకుని చూడండి

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చేసినవాణ్ణి. బెంజి లారీల రేడియేటర్లు, వాటర్ పంపులు ఎన్ని విప్పానో లెక్కలేదు గానీ, క్యాబిన్‌కి హీటరు అనేది అక్కడ ఎవరికీ అక్కర్లేని సరుకు. ఇంజన్ వేడి లోపలికి కొట్టకుండా బానెట్ మీద గోనెపట్టా పరుచుకునే డ్రైవర్లే నాకు తెలుసు. ఇప్పుడు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు ముచ్చటపడి కొన్న 1978 షెవర్లే సి-10 ఇంటి ముందు ఉంది. 350 ఘనపు అంగుళాల ఇంజన్, ఏసీ లేదు, హీటరు ఒక్కటే. జనవరిలో ఇక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయే రాత్రులుంటాయి. హీటరు లేని బండి ఆ చలిలో నడపలేం, అద్దం మీద మంచు కరగదు.

బండి వచ్చిన కొత్తలో లివరు ఎటు జరిపినా చల్లగాలే. "మామయ్యగారూ, హీటర్ కోర్ పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. "ఆగు బాబూ, పైపులు పట్టుకుని చూడకుండా ఏ పార్టూ కొనకూడదు" అన్నాను. ఇలాంటి బండి ఉన్న మిగతావాళ్ళకీ నేను చెప్పేది అదే.

ముందు ఇది పనిచేసే తీరు తెలుసుకోవాలి. ఇంజన్ వేడినీళ్ళలో కొంత భాగం ఒక రబ్బరు పైపులోంచి క్యాబిన్ గోడలో ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. అక్కణ్ణించి ఇంకో పైపులో తిరిగి రేడియేటర్‌కి పోతుంది. ఏసీ లేని ఈ షెవర్లేల్లో ఆ నీళ్ళకి మధ్యలో వాల్వు ఏదీ లేదు. ఎండాకాలమైనా చలికాలమైనా కోర్‌లో వేడినీళ్ళు తిరుగుతూనే ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద వేడి లివరు జరిపితే నీళ్ళు పెరగవు, తగ్గవు. కోర్ ఉండే హీటరు పెట్టె లోపల ఒక రేకు తలుపు కదిలి, గాలి కోర్‌లోంచి పోవాలా పక్కనుంచి పోవాలా అన్నది మారుతుంది. అంతే. రెండో లివరు ఆ గాలిని కాళ్ళకి పంపాలో అద్దానికి పంపాలో చూస్తుంది. రెండింటికీ చెరో కేబులు. కాబట్టి రోగం నీళ్ళలో ఉందా, గాలిలో ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి.

తేల్చుకోవడం సులువు. బండిని ఒక పావుగంట నడపండి. వేడి లివరు చివరిదాకా పెట్టండి. ఇంజన్ ఆపేసి, ప్యాసింజర్ వైపు ఫైర్‌వాల్‌లోకి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న గోడలోకి, పోయే రెండు పైపుల్ని చేత్తో తాకండి. ఒకటి ఐదు బై ఎనిమిది అంగుళాలది, ఇంకోటి ముప్పావు అంగుళం. సన్నది ఇంజన్ నుంచి వేడినీళ్ళు తెచ్చేది, లావుది తిరుగు పైపు. ఇంజన్ తిరుగుతుండగా చెయ్యి పెట్టొద్దు, ఫ్యాను పక్కనే ఉంటుంది. భుజాన తువ్వాలు ఉంటే ముందు తీసి పక్కన పెట్టండి.

రెండూ గోరువెచ్చగానే ఉంటే నీళ్ళే వేడెక్కడం లేదు, లేదా రావడం లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి. వేడి మీద మూత తీయడం ఎక్కడైనా తప్పే, డెన్వర్‌లో మరీను. ఈ ఊరు సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది, మూత తీసిన నీళ్ళు ఇక్కడ 95 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మట్టం సరిగ్గా ఉంటే థర్మోస్టాట్ చూడాలి. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు అది. మా ఆటోనగర్ అలవాటు ఒకటుంది: బండి వేడెక్కుతోందంటే చాలు, థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్ళం. ఇక్కడ ఆ పని చేస్తే హీటరు చచ్చినట్టే. ఈ ఇంజన్‌కి కంపెనీ పెట్టింది 195 ఫారన్‌హీట్‌ది, అంటే సుమారు 90 సెల్సియస్. బండి చల్లగా ఉండాలని పాత ఓనర్లు కొందరు 160ది వేస్తారు. 180 ఫర్వాలేదు గానీ డెన్వర్ చలికి 195 వేయడమే నయం. వేడి ముల్లు పైకెక్కడానికి చాలాసేపు పట్టినా, హైవే మీద కిందికి పడిపోతున్నా థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని అర్థం. దాని ఖరీదు తక్కువే. మార్చేటప్పుడు ప్యాకింగ్ కూడా కొత్తది వేసుకోండి.

కూలెంట్, అంటే ఇంజన్ నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే ద్రవం, మార్చిన తర్వాతే హీటరు పోయిందంటే ఎయిర్ పట్టి ఉంటుంది. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలబెట్టండి. చల్ల ఇంజన్ మీద మూత తీసి, లివరు వేడిలో పెట్టి స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దిగుతుంది, కూలెంట్ పోస్తూ ఉండండి. ఫ్యానుకి దూరంగా ఉన్నచోట హీటర్ పైపుల్ని నొక్కి వదులుతుంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి మట్టం నిలిచాక మూత వేయండి. కూలెంటు, డిస్టిల్డ్ నీళ్ళు సగం సగం కలిపి పోయాలి. ఆ పాళ్ళలో అది మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు.

సన్న పైపు కాలిపోతూ, లావుది చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయింది. మా అల్లుడి బండికి వచ్చిన రోగం ఇదే. ఎవరో లీకు ఆపే మందు రేడియేటర్‌లో పోసినట్టున్నారు, సందుల్లో బురదలా పేరుకుంది. కొత్త కోర్ కొనే ముందు దీన్ని కడిగి చూడాలి.

కడగడంలో జాగ్రత్త పైపులు ఊడదీసే దగ్గరే. కోర్‌కి ఉండే గొట్టాలు మెత్తటి లోహం, టంకంతో అతికినవి. ఏళ్ళ తరబడి అతుక్కుపోయిన రబ్బరుని పట్టుకుని మెలిపెడితే టంకం విడిపోతుంది. అప్పటిదాకా బాగున్న కోర్ మీ చేతిలోనే కారడం మొదలెడుతుంది. క్లిప్పు వదులు చేసి, రబ్బరుని పొడవునా కత్తితో చీల్చి తొక్క ఒలిచినట్టు తీసేయండి. పైపు ఎలాగూ పాతదే, కొత్తది వేయండి. తర్వాత తోట నీళ్ళ పైపుని తిరుగు గొట్టం వైపు పెట్టి, అంటే నీళ్ళు మామూలుగా పోయే దారికి ఎదురుగా, కొళాయి కొద్దిగా తిప్పండి. పైపుని చేత్తో వదులుగా పట్టుకోవాలి, క్లిప్పు వేసి బిగించకూడదు. ఇంటి కొళాయి ఒత్తిడి మొత్తం లోపలికి పోతే పాత కోర్ పగులుతుంది. మొదట కాఫీ రంగు నీళ్ళు, తర్వాత పెచ్చులు వస్తాయి. తేటగా వచ్చేదాకా అటూ ఇటూ మార్చి కడగండి. పూర్తయ్యాక కోర్‌లో నీళ్ళు నిలవనివ్వకండి, రాత్రికి గడ్డకడితే పగిలేది అదే.

ముందు కారే కూలెంటుని బేసిన్‌లో పట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి. పిల్లలున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. మురికికాలవలో పోయకుండా కౌంటీ రసాయన వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

ఇక కోర్ నిజంగా పోయిందనడానికి గుర్తులు వేరు. క్యాబిన్‌లో తియ్యటి వాసన, ప్యాసింజర్ కాళ్ళ దగ్గర తడి, అద్దం లోపలివైపు తుడిస్తే జిడ్డుగా అలుక్కుపోయే ఆవిరి. అప్పుడు మార్చక తప్పదు. బ్యాటరీ తీసి, కూలెంట్ దించి, ఇంజన్ వైపునుంచి పెట్టె నట్లు విప్పి, లోపల గ్లవ్ బాక్సు తీసి, కేబుళ్ళు విడదీసి పెట్టెని క్యాబిన్‌లోకి లాగాలి. కష్టమైన పని కాదు, నడుముకి మాత్రం శిక్ష. పెట్టె ఎలాగూ బయటికొచ్చింది కాబట్టి లోపలి తలుపుల ఫోము కూడా అప్పుడే మార్చేయండి.

ఆ ఫోము సంగతి చాలామంది పట్టించుకోరు. రెండు పైపులూ కాలుతున్నా గాలి వెచ్చగా రావడం లేదంటే తప్పు గాలి వైపు ఉన్నట్టు. తలుపు అంచులకి అతికించిన ఫోము ఇన్నేళ్ళకి పొడి అయిపోతుంది. గాలి రంధ్రాల్లోంచి నల్ల నలుసులు రాలుతున్నాయంటే అదే. తలుపు మూసుకున్నా సందుల్లోంచి చల్లగాలి కలుస్తుంది. నీళ్ళు పీల్చని రకం ఫోము పట్టీ కొని, పాత జిగురు గీకేసి అతికించండి.

కేబులు చూడాలంటే తలుపు దగ్గర దాన్ని ఊడదీసి, తలుపుని వేలితో తిప్పండి. రెండు వైపులా టక్‌మని ఆనాలి. తలుపు తేలిగ్గా తిరిగి, లివరు మాత్రం బిగుసుకుంటే కేబులు తప్పు. తలుపే తిరగకపోతే పెట్టెలో ఆకో, ఎలుక గూడో ఉంది. కేబులు ఎక్కడైనా మడత పడితే మార్చేయడం మంచిది, తిన్నగా చేసినా మళ్ళీ అక్కడే పడుతుంది. బాగుంటే రెండు చుక్కలు సన్న నూనె చాలు. బిగించేటప్పుడు లివరు పూర్తి చల్ల వైపు పెట్టి, తలుపుని అదే వైపు ఆనించి, కేబులు పైతొడుగు క్లిప్పు బిగించండి. లివరు చివరిదాకా తోసి వదిలితే రవ్వంత వెనక్కి రావాలి. అలా వస్తే లివరు ఆగకముందే తలుపు గట్టిగా ఆనిందని లెక్క. వేడి వైపు కూడా అలాగే చూసుకోండి.

ఫ్యాను రోగాలు తేలిక. హై స్పీడులో మాత్రమే తిరుగుతుంటే రెసిస్టర్ పోయింది. తక్కువ స్పీడులకే కరెంటు దానిలోంచి పోతుంది, హైకి నేరుగా పోతుంది. ఏ స్పీడులోనూ తిరక్కపోతే ఫ్యూజు, తర్వాత మోటారు ఎర్త్ వైరు చూడండి. తుప్పు గీకి బిగిస్తే సగం బళ్ళలో తిరుగుతుంది. అప్పటికీ లేకపోతే మోటారుకి బ్యాటరీ నుంచి ఫ్యూజున్న వైరుతో నేరుగా కరెంటు ఇవ్వండి. తిరిగితే మోటారు బాగుంది, స్విచ్చో వైరో తప్పు.

మోటారు విప్పినప్పుడు ఎలుకల చెత్త కనిపిస్తే చీపురుతో ఊడవకండి, గాలి కొట్టకండి. కొలరాడో వైపు డీర్ మౌస్ అనే ఎలుకల రెట్టలో, మూత్రంలో హాంటా వైరస్ ఉండొచ్చు, ఆ దుమ్ము పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది. గ్లవ్స్, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచి తొమ్మిది వంతుల నీళ్ళలో కలిపి తడిపి, ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితపు తువ్వాళ్ళతో ఎత్తి పారేయండి.

వాడకంలో నాలుగు మాటలు. బండి తీసిన వెంటనే ఫ్యాను పెట్టొద్దు, ముల్లు కదిలాక పెట్టండి, లేదంటే కోర్ చల్లబడి వేడి రావడం ఇంకా ఆలస్యం. ఈ బండి గాలిని అద్దం కింద ఉన్న జల్లెడలోంచి తీసుకుంటుంది, అక్కడి మంచు, ఆకులు ముందే తుడవాలి. గాలి మొదట అద్దానికి పంపి, అది తేటపడ్డాక కాళ్ళకి తిప్పండి. మరీ చలి రోజుల్లో రేడియేటర్ ముందు సగం దాకా అట్ట పెట్టొచ్చు. ముల్లు మీద కన్ను ఉంచి, ఎండ రాగానే తీసేయండి.

వేసవిలో లివరు చల్లలో ఉన్నా కాళ్ళు మాడుతున్నాయంటే కారణం పైన చెప్పిందే, కోర్‌లో వేడినీళ్ళు ఆగవు. ఇంజన్ నుంచి వచ్చే సన్న పైపులో చేతివాల్వు ఒకటి వేసి, మే నెలలో మూసి అక్టోబరులో తెరిస్తే సరిపోతుంది. మేం ఇత్తడిది వేశాం, ప్లాస్టిక్‌వి ఇంజన్ వేడికి పగులుతాయని నా అనుమానం.

అన్నీ అయ్యాక సైలెన్సర్ మానిఫోల్డు దగ్గర పొగ కారుతోందేమో చూడండి. ఫైర్‌వాల్‌లో వైర్లు, పైపులు దూరే చిల్లులకి రబ్బరు వాషర్లు ఉన్నాయో లేదో, కింది రేకులో తుప్పు బొక్కలున్నాయో కూడా. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. అద్దాలు మూసి హీటరు పెట్టుకునే బండి కాబట్టి మేం బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఒకటి సీటు వెనక తగిలించాం.