జీతం కాగితాల ఇంగ్లీషు – 5వ పాఠం: ఎరియర్స్

గత పాఠంలో ఇంక్రిమెంట్ అనే మాటను, దాని వెంట ఉత్తర్వుల్లో కనిపించే 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' అనే పదబంధాన్ని చూశాం. పెంపు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఆ పదబంధం చెబుతుంది. వర్తించే తేదీకీ, పెరిగిన జీతం నిజంగా చేతికందే తేదీకీ మధ్య కొన్ని నెలలు గడిచిపోతే, ఆ నెలల్లో మనకు రావలసి ఉండీ రాకుండా నిలిచిపోయిన తేడా సొమ్మును ఎరియర్స్ అంటారు. తెలుగులో బకాయిలు అని చెప్పుకుంటాం. పత్రికల్లో 'డీఏ (కరువు భత్యం) బకాయిలు', 'పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలు' అని వచ్చేవి ఇవే.

'వెనుక' అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి ఇది ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లీషువారు దీన్ని దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే వాడతారు. మన కార్యాలయాల్లో మాత్రం 'ఎరియర్ బిల్లు', 'ఎరియర్ క్లెయిమ్' అంటూ మరో నామవాచకానికి ముందు ఏకవచనంగా నిలపడం మామూలైపోయింది, అందులో తప్పు పట్టవలసింది లేదు. చట్టాల భాషలోనూ ఏకవచనం ఉంది. యజమాని కార్మికుడికి చెల్లించవలసిన సొమ్మును కలెక్టరు 'యాన్ ఎరియర్ ఆఫ్ ల్యాండ్ రెవెన్యూ' మాదిరిగా, అంటే శిస్తు బకాయిని వసూలు చేసే పద్ధతిలోనే రాబట్టవచ్చునని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. చెన్నైలో చదివే ఇంజనీరింగ్ విద్యార్థులు తప్పిన సబ్జెక్టును 'ఎరియర్' అంటారు. మన దగ్గర దానికి 'బ్యాక్‌లాగ్' స్థిరపడింది కనుక, తెలుగువారి చెవికి ఎరియర్స్ అంటే మొదట జీతమే గుర్తుకు వస్తుంది.

ఈ మాటకు 'ఇన్' అనే విభక్తి చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది. 'హి ఈజ్ ఇన్ ఎరియర్స్ విత్ ద రెంట్' అంటే అతడు అద్దె బకాయి పడ్డాడని అర్థం. ఇక్కడ బాకీ ఉన్నవాడు వాక్యంలోని కర్త. కాబట్టి కంపెనీ నుంచి మీకు మూడు నెలల తేడా రావలసి ఉందనుకుని మానవ వనరుల విభాగానికి 'ఐ యామ్ ఇన్ ఎరియర్స్ ఫర్ త్రీ మంత్స్' అని రాస్తే, మీరే కంపెనీకి బాకీ ఉన్నారని చెప్పినట్టవుతుంది. 'మై ఎరియర్స్ ఫర్ ఏప్రిల్ టు జూన్ ఆర్ పెండింగ్' అని రాయాలి.

'పెయిడ్ మంత్లీ ఇన్ ఎరియర్స్' అనే ప్రయోగం దీనికి పూర్తిగా భిన్నం. బ్రిటన్‌లో ఉద్యోగ ఒప్పందాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. అక్కడి ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కొత్తగా చేరే తెలుగువారు దీన్ని చదివి, జీతం ఆలస్యంగా ఇస్తామని సంస్థ ముందే చెబుతోందేమోనని కంగారు పడే అవకాశం ఉంది. ఇందులో ఆలస్యమేమీ లేదు. పని జరిగిన కాలం ముగిశాక, ఆ కాలానికి జీతం ఇస్తారని మాత్రమే దీని భావం. నెలంతా పనిచేయించుకుని నెలాఖరున లేదా మరుసటి నెల మొదట్లో జీతమిచ్చే మన ప్రతి సంస్థా ఈ లెక్కన 'ఇన్ ఎరియర్స్' చెల్లిస్తున్నట్టే. దీనికి వ్యతిరేకం 'ఇన్ అడ్వాన్స్'. యాన్యుటీ పాలసీల, అంటే ముందు సొమ్ము కట్టి తరువాత పెన్షన్ పొందే పాలసీల కాగితాల్లోనూ ఈ జంట కనిపిస్తుంది: పెన్షన్ నెల మొదట్లో వస్తుందా, నెల గడిచాక వస్తుందా అన్నది ఆ రెండు మాటల్లో ఏది రాశారన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఇక లెక్క సంగతి. ఎరియర్స్ లెక్కకు మూడు విషయాలు తెలియాలి: పెంపు వర్తించే తేదీ, కొత్త జీతం ఏ నెల జీతంతో మొదలవుతుంది, నెలకు తేడా ఎంత. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కరువు భత్యం 2024 జనవరి 1 నుంచి 46 శాతం నుంచి 50 శాతానికి పెరిగింది. మంత్రివర్గం ఆ నిర్ణయాన్ని మార్చిలో ప్రకటించింది. మూలవేతనం 50,000 రూపాయలున్న ఉద్యోగికి 4 శాతం అంటే నెలకు 2,000. మార్చి జీతం కొత్త రేటుతోనే వచ్చింది కనుక, ఎరియర్స్ జనవరి, ఫిబ్రవరి నెలలకు మాత్రమే, అంటే 4,000. మార్చిని కూడా కలిపి మూడు నెలలుగా లెక్కించడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ప్రైవేటు సంస్థల్లో లెక్క ఇంకొంచెం మెలిక తిరుగుతుంది. మూలవేతనం ఏప్రిల్ 1 నుంచి 30,000 నుంచి 33,000కు పెరిగిందని జూలైలో ఉత్తరం ఇచ్చి, జూలై జీతాన్ని కొత్త లెక్కతో వేశారనుకుందాం. ఏప్రిల్, మే, జూన్ నెలలకు నెలకు 3,000 చొప్పున 9,000 రావాలి. ఆ ఉద్యోగి మే నెలలో 5 రోజులు జీతం లేని సెలవులో ఉంటే, తేడా కూడా ఆ మేరకు తగ్గుతుంది. క్యాలెండర్ రోజుల లెక్కన జీతమిచ్చే సంస్థలో మే నెల తేడా 3,000లో 31కి 26 వంతులు, అంటే సుమారు 2,516; మొత్తం 8,516. పే స్లిప్పులో ఇది 'ఎరియర్ బేసిక్' అనే ప్రత్యేకమైన వరుసలో ఉండాలి. ఇంటి అద్దె భత్యం మూలవేతనంలో ఇంత శాతమని ఉంటే, దానికీ విడిగా 'ఎరియర్ హెచ్ఆర్ఏ' వరుస ఉంటుంది. పూర్తి మూలవేతనంపై భవిష్యనిధి కోసే సంస్థయితే, మూలవేతనపు ఎరియర్స్‌లోంచి కూడా 12 శాతం కోత పడుతుంది. అన్నీ కలిపి ఒకే అంకె వేసిన పే స్లిప్పును చూసి ఊరుకోకుండా, 'కైండ్లీ షేర్ ద మంత్‌వైజ్ ఎరియర్ కాలిక్యులేషన్' అని అడగడం మర్యాదే, అది మీ హక్కు కూడా.

ప్రభుత్వ ఉత్తర్వులు చదివేవారు ఎరియర్స్ కంటే ముందు నేర్చుకోవలసిన మాట 'నోషనల్'. ఇది కాగితం మీద మాత్రమే వర్తించే పెంపు. జీతాన్ని కొత్త స్కేలులో స్థిరీకరిస్తారు, తరువాతి ఇంక్రిమెంట్లు దాని మీదనే లెక్కిస్తారు, కాని ఆ కాలానికి డబ్బు ఇవ్వరు. తెలంగాణలో 2021 వేతన సవరణను ఉదాహరణగా తీసుకోవచ్చు. 30 శాతం ఫిట్‌మెంట్‌ను, అంటే వేతన సవరణలో ఇచ్చే పెంపు శాతాన్ని, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ ఏడాది మార్చిలో శాసనసభలో ప్రకటించారు. సవరణ నోషనల్‌గా 2018 జూలై 1 నుంచి, ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ 1 నుంచి, నగదుగా చెల్లింపు 2021 జూన్ నుంచి అమలయ్యాయి. సౌలభ్యం కోసం ఒక ఉద్యోగికి నెలకు తేడా ఎప్పుడూ 3,000 అనుకుందాం. మొదటి తేదీకీ రెండో తేదీకీ మధ్య 21 నెలలున్నాయి. ఆ 63,000 రూపాయలు ఎరియర్స్ కావు, ఎన్నటికీ రావు. రెండో తేదీకీ మూడో తేదీకీ మధ్య 14 నెలలు. ఆ 42,000 మాత్రమే ఎరియర్స్. అందులోనూ 2021 మార్చి వరకు ఉన్న 12 నెలల సొమ్మును పదవీ విరమణ సమయంలో చెల్లిస్తామని ప్రభుత్వం చెప్పింది. అంటే 30 ఏళ్ల వయసున్న ఉపాధ్యాయురాలికి ఆ 36,000 హక్కుగా ఉన్నా, చేతికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఎరియర్స్ మంజూరు కావడం వేరు, అవి ఎప్పుడు, ఏ రూపంలో అందుతాయన్నది వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణకు కూడా మొదటి రెండు తేదీలు ఇవే, కొత్త జీతం మాత్రం 2022 జనవరి నుంచి మొదలైంది. అక్కడ సవరణ తేలేదాకా తాత్కాలికంగా ఇచ్చే మధ్యంతర భృతి 27 శాతం ఇస్తూ ఉండగా ఫిట్‌మెంట్ 23 శాతంగా తేలడంతో, బకాయిలు రావలసిన చోట ఉద్యోగుల నుంచే తిరిగి రాబట్టే ప్రశ్న తలెత్తింది. 2022 ఫిబ్రవరి 3న జరిగిన 'ఛలో విజయవాడ' అనే ఉద్యోగుల నిరసనకు దారితీసిన కారణాల్లో అదొకటి. తిరిగి రాబట్టుకోవడానికి వాడే మాట 'రికవరీ'. దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

'నో ఎరియర్స్ షల్ బి పెయిడ్' అనే వాక్యాన్ని కూడా గుర్తుపట్టగలగాలి. కరోనా కాలంలో కేంద్రం 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి కరువు భత్యం వాయిదాలను స్తంభింపజేసి, 2021 జూలై 1 నుంచి రేటును 17 శాతం నుంచి ఒకేసారి 28 శాతానికి పెంచింది. ఆ 18 నెలలకు బకాయిలు మాత్రం ఇవ్వలేదు. ఉత్తర్వులో రేటు పెరిగిందన్న వాక్యం చదివి సంతోషించి, కింది పేరాలో ఉన్న ఈ వాక్యాన్ని వదిలేసేవారే ఎక్కువ.

పన్ను గురించి రెండు మాటలు. పాత సంవత్సరాల ఎరియర్స్ ఒకే ఏడాదిలో చేతికి వస్తే, ఆ ఏడాది ఆదాయం ఉబ్బి పన్ను శ్లాబు మారిపోవచ్చు. దీనికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 89వ సెక్షన్ కింద ఉపశమనం కల్పించారు. ఆ సొమ్ము ఏ ఏడాదిదో ఆ ఏడాదే వచ్చి ఉంటే పడే అదనపు పన్నుకూ, ఇప్పుడు పడుతున్న అదనపు పన్నుకూ మధ్య తేడాను తగ్గిస్తారు. ఆ చట్టం కింద రిటర్ను వేయడానికి ముందే ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ నింపకపోతే, రిటర్నులో చూపిన ఉపశమనాన్ని శాఖ ఒప్పుకోదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలు కనుక, ఆ తరువాతి ఆదాయానికి సెక్షన్ నంబర్లు మారతాయి.

అభ్యాసం. ఈ రెండు వాక్యాలకు అర్థం రాసి, కింది జవాబులతో పోల్చుకోండి.

ఒకటి: 'యువర్ శాలరీ ఈజ్ రివైజ్డ్ విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ ఫస్ట్ అక్టోబర్ అండ్ విల్ బి రిఫ్లెక్టెడ్ ఇన్ జనవరి పేరోల్, ఎరియర్స్ విల్ బి పెయిడ్ ఇన్ ఫిబ్రవరి.' నెలకు తేడా 4,500 అయితే ఎరియర్స్ ఎంత?

రెండు: 'వేజెస్ ఆర్ పెయిడ్ వీక్లీ ఇన్ ఎరియర్స్.'

జవాబులు. మొదటి దానిలో అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలకు 13,500. చెల్లింపు ఫిబ్రవరిలో జరిగినా, జనవరి జీతం కొత్త లెక్కతోనే పడింది కనుక ఆ నెల ఇందులో చేరదు. రెండో వాక్యంలో బకాయి ఏదీ లేదు. వారమంతా పనిచేశాక, ఆ వారం కూలి ఇస్తారని అర్థం.