నెలలు నిండకుండా నొప్పులొస్తే పనికొచ్చేది మొదటి స్కానింగ్ కాగితమే

కడుపుతో ఉన్నవాళ్లని ఎన్నో నెల అని అడిగితే ఠక్కున చెప్తారు, ఎన్నో వారం అంటే మాత్రం పక్కనున్న అమ్మ మొహం చూస్తారు. డాక్టర్లకీ, నెలలు నిండని కాన్పుల మీద పరిశోధన చేసేవాళ్లకీ కావలసింది ఆ వారమే. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు తక్కువ బిడ్డ కింద లెక్క.

కాబట్టి ముందు తేదీ రాసి పెట్టుకోండి. చివరిసారి ముట్టు మొదలైన రోజు, ఆగిన రోజు కాదు. మన తిరుపతిలో చాలామంది "గంగ జాతరప్పుడు అయ్యాను సార్" అంటారు, జాతరే వారం పాటు జరుగుతుంది, ఇంక లెక్క ఎక్కడ తేలుతుంది? ఆ తేదీకి 280 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 14 అనుకుంటే, లీపు సంవత్సరం కాకపోతే, అక్టోబర్ 21. 34 వారాలు సెప్టెంబర్ 9కి, 37 వారాలు సెప్టెంబర్ 30కి నిండుతాయి. ఈ రెండు తేదీలూ తల్లీబిడ్డ కార్డు అట్ట మీద పెన్నుతో రాసేయండి.

ముట్టు సరిగా రానివాళ్లకీ, పాలిచ్చేటప్పుడే మళ్లీ కడుపు నిలిచినవాళ్లకీ ఈ లెక్క కుదరదు. వాళ్లకి స్కానింగే దిక్కు, అదీ 14 వారాల లోపు చేయించాలి. అప్పుడు బిడ్డ పొడవు కొలిచి చెప్పే తేదీ వారానికి మించి తప్పదు. ఎనిమిదో నెలలో చేస్తే మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. చిక్కేమిటంటే ప్రతి రిపోర్టులోనూ ఒక కొత్త కాన్పు తేదీ అచ్చయి వస్తుంది, మనవాళ్లు కొత్త కాగితాన్నే నమ్ముతారు. అలా చేయకండి. కడుపులో బిడ్డ సరిగా ఎదగకపోయినా కొత్త కాగితంలో కాన్పు తేదీ ఆలస్యంగా పడుతుంది, దాన్నే నమ్మితే ఎదుగుదల లేదన్న సంగతే మరుగున పడిపోతుంది. మొదటి స్కానింగ్‌తో డాక్టరు ఖాయం చేసిన తేదీనే చివరిదాకా పట్టుకోండి. సీమంతం అయ్యి పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలూ గాజులూ సర్దుకుని ఫైలు అత్తారింట్లో వదిలేసి వస్తారు చూడండి, దాంతోనే అసలు తంటా.

వారానికి ఇంత విలువ ఎందుకంటే, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ సూదులు వేస్తారు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పనిచేస్తూ ఈ దారి కనిపెట్టాడు, హౌవీ అనే తోటి డాక్టరుతో కలిసి 1972లో తల్లుల మీద ఫలితాలు ప్రచురించాడు. మన దగ్గర 24 నుంచి 34 వారాల మధ్య డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేస్తారు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు సూదులు. మన దేశంతో సహా ఆరు దేశాల్లో చేసి 2015లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఈ సూదులు ఎక్కువమందికి అందేలా చేస్తే పసిపిల్లల మరణాలు తగ్గకపోగా కొంచెం పెరిగాయి. 2020లో వచ్చిన మరో అధ్యయనంలో స్కానింగ్‌తో వారాలు సరిచూసుకుని, వసతులున్న ఆసుపత్రుల్లోనే వేశారు, అప్పుడు మరణాలు తగ్గాయి. మందు పాతదే. ఎవరికి వేయాలో తెలియడానికే తేదీ కావాలి.

ఇక నొప్పులు. 37 వారాల లోపు పొట్ట మాటిమాటికీ రాయిలా బిగుసుకోవడం, నడుము కింద లాగడం, ఉమ్మనీరు కారడం, రక్తం కనబడటం, వీటిలో ఏది వచ్చినా "వేడి చేసిందిలే, జీలకర్ర కషాయం తాగు" అని గంటలు గంటలు కూర్చోవద్దు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, బీపీ 140/90కి చేరినా అంతే. నాలుగు సూదులూ పడాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది మరి, కషాయంతో ఒక రాత్రి పోతే ఎలా?

108కి ఫోన్ చేయండి. పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటికే తీసుకెళ్లమనండి, బిడ్డ కడుపులో ఉండగా ప్రయాణమే పుట్టాక ప్రయాణం కన్నా మేలు. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్లకి వేలూరు దగ్గర. దూరమైతే పీహెచ్‌సీలోనే మొదటి సూది వేసి పంపుతారేమో అడగండి.

పెద్దాసుపత్రిలో ఎవరైనా అధ్యయనం కోసం రక్తమో మాయ ముక్కో కావాలని అడిగితే బెదరక్కర్లేదు. ఎందుకో తెలుగులో చెప్పించుకోండి, సంతకం పెడితే ఆ పత్రం నకలు తీసుకోండి. వద్దన్నా వైద్యం ఆపకూడదు, అది మీ హక్కు.