రాకపోకల డిగ్రీ తరువాత పెద్ద విశ్వవిద్యాలయం: ఎంపిక ఎలా చేసుకోవాలి

సఖినేటిపల్లి రేవులో పంటు దాటి నరసాపురానికో, లంక గ్రామాల నుంచి ఆర్టీసీ బస్సులో అమలాపురానికో మూడేళ్లు అప్ అండ్ డౌన్ చేసి డిగ్రీ చదివిన విద్యార్థికి కళాశాల అంటే తరగతి గదులే. చివరి పీరియడ్ ముగియకముందే మనసు బస్టాండు చేరుకుంటుంది. అటువంటి విద్యార్థి పెద్ద విశ్వవిద్యాలయానికి మారాలనుకున్నప్పుడు ఇంట్లోవారితో కలిసి పేరునూ దూరాన్నీ మాత్రమే బేరీజు వేస్తాడు. నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది హాస్టల్, ఆ తరువాత చేరబోయే విభాగం. పేరు ప్రతిష్ఠల స్థానం ఆ తరువాతే.

ఎప్పుడు మారాలన్నది మొదటి ప్రశ్న. డిగ్రీ మధ్యలో మారడం నియమాల ప్రకారం అసాధ్యమేమీ కాదు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు ఒకచోట సంపాదించిన క్రెడిట్లను (పూర్తిచేసిన పేపర్లకు లెక్కగట్టే పాయింట్లను) మరొకచోటికి తీసుకువెళ్లే వీలు కల్పించాయి. అయితే పేపర్లు కలవాలి, అక్కడ ఖాళీ సీటు ఉండాలి, చేర్చుకునే సంస్థ ఒప్పుకోవాలి. అందుచేత మూడేళ్లు పూర్తి చేసి పీజీకి మారడమే అధికులకు అనుకూలం. నాలుగో ఏడాది ఆనర్స్ చేయదలచినవారు మాత్రం, దాని తరువాత ఏడాది పీజీని తాము కోరుకునే విశ్వవిద్యాలయం నడుపుతున్నదో లేదో ముందే కనుక్కోవాలి.

మన గోదావరి జిల్లాల విద్యార్థికి సహజంగా తోచేవి మూడు. 2006లో ఏర్పడిన రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గర. డిగ్రీ కూడా దాని అనుబంధ కళాశాలలోనే చదివి ఉంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ (మరో విశ్వవిద్యాలయానికి మారేవారికి ఇచ్చే పత్రం) పని కూడా ఉండదు. కానీ అక్కడికీ రోజూ బస్సులోనే వెళ్లివచ్చేటట్లయితే మారినదల్లా బస్సు మీది బోర్డు మాత్రమే. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గోదావరి జిల్లాలవారు స్థానికులు. 85 శాతం సీట్లు స్థానికులకే కాబట్టి మనకు ఇది గట్టి అవకాశం. ఈ రెండింటికీ రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయాలి. 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్రీయ సంస్థ; అక్కడ ఈ స్థానిక కోటా లేదు, దేశమంతటితో పోటీ పడాలి, అత్యధిక కోర్సులకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ పీజీ ద్వారా వెళ్లాలి. కాకినాడ నుంచి బయలుదేరే గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఆ ప్రాంగణానికి చేరువలోని లింగంపల్లి వరకు వెళ్లడం, పండుగకు ఇంటికి రావలసిన వారికి చిన్న విషయం కాదు.

హాస్టల్ సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రయాణానికి పోయే రెండు మూడు గంటలు మిగలడమే ఈ మార్పులోని అసలు లాభం. ప్రాంగణానికి దూరంగా అద్దె గది తీసుకుంటే ఆ లాభం నగరం బస్సుల్లోనే కరిగిపోతుంది. కోర్సులో సీటు వచ్చినంత మాత్రాన హాస్టల్ గది వచ్చినట్టు కాదు. మొదటి సంవత్సరంవారికి చేరిన ఎన్ని వారాలకు గది కేటాయించారు, ఒక్కో గదిలో ఎంతమంది ఉంటున్నారు, గడచిన మూడు నెలల మెస్ బిల్లు ఎంత వచ్చింది అన్న ప్రశ్నలు కార్యాలయంలో కాక, అక్కడ ఉంటున్న రెండో సంవత్సరం విద్యార్థులను అడగాలి. ఆడపిల్లల విషయంలో గేటు మూసే వేళ, గ్రంథాలయం మూసే వేళ పక్కపక్కన పెట్టి చూడాలి. గేటు ముందుగా మూసుకుంటే, గ్రంథాలయం రాత్రి ఎంతసేపు తెరిచి ఉన్నా వారికి ఉపయోగం లేదు.

విభాగాన్ని అంచనా వేయడానికి, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు చాలదు, ఎందుకంటే ఆ గ్రేడు సంస్థ మొత్తానిది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం అందరికీ తెలిసినదే కాబట్టి, మీ సబ్జెక్టులో శాశ్వత అధ్యాపకులు ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు, నిరుడు పూర్తిచేసినవారు ఎక్కడెక్కడ చేరారు అని విడిగా తెలుసుకోవాలి. వీలైతే ఒక పనిదినాన వెళ్లి, ప్రయోగశాల తాళం తీసి ఉందో లేదో కళ్లారా చూసి రావడం మంచిది. కోర్సు సెల్ఫ్ ఫైనాన్స్‌దా (విద్యార్థుల ఫీజులతోనే నడిచేదా), రెగ్యులర్‌దా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఫీజులో తేడా చాలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో నోటిమాటగా కాక ఆ ఏడాది ఉత్తర్వులో చూసుకోవాలి.

తేదీల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. సీయూఈటీ పీజీ దరఖాస్తులు ఇటీవలి సంవత్సరాల్లో సంక్రాంతికి అటూ ఇటూగా వస్తున్నాయి, పరీక్ష మార్చిలో జరుగుతున్నది; బరుల దగ్గర కోడిపందేలు చూసి ఇంటికి వచ్చేసరికి గడువు దగ్గరపడుతుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దామనుకుంటే ఆ ఏడాదికి ఆ తలుపు మూసుకున్నట్టే.

సీటు ఖాయమైన తరువాత టీసీ కళాశాల ఇస్తుంది గాని, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చేది డిగ్రీ ప్రదానం చేసిన విశ్వవిద్యాలయం. దానికి వేరే దరఖాస్తు, వేరే రుసుము ఉంటాయి కాబట్టి కౌన్సెలింగ్ మొదలయ్యే లోపే ఆ పని ముగించుకోవాలి. ఒరిజినల్స్ ఒకచోట అప్పగిస్తే రెండో విడత కౌన్సెలింగ్‌కు అవి చేతిలో ఉండవు. తిరిగి ఇచ్చే పద్ధతి ఏమిటో అప్పగించకముందే అడగాలి, అన్నింటికీ నాలుగేసి జిరాక్స్ ప్రతులు తీయించి ఇంట్లో ఉంచాలి.